కాఫీ ఆర్డర్ వింటే జీతం ఎంతో చెప్పొచ్చా? రాయగడ, జయపురం, బరంపురం వాళ్లు చెప్పండి

నాగావళి ఒడ్డు (రాయగడ)
మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు. "మనిషి కాఫీ షాపులో ఏం అడుగుతాడో వింటే చాలు, జీతం చెప్పేస్తా" అంటాడు. వాడి లెక్క ఇదీ: మామూలు కాఫీ అడిగితే గుమాస్తా. కాపుచినో అడిగితే ఈఎంఐలు కట్టేవాడు. పంచదార లేని బ్లాక్ కాఫీ అడిగితే డబ్బున్నవాడు. "ఓట్ మిల్క్ ఉందా" అని అడిగితే వాళ్ల నాన్న డబ్బున్నవాడు.

నవ్వొచ్చింది కానీ మన ఊళ్లలో ఈ లెక్క సాగదని నా అనుమానం. ఇక్కడ టీ బడ్డీ ముందు లారీ క్లీనరూ ఉంటాడు, రెండు క్రషర్లున్న కాంట్రాక్టరూ ఉంటాడు. ఇద్దరి చేతిలోనూ అదే పది రూపాయల చా. మీ దగ్గర ఎలా ఉందో రాయండి. ఆంధ్ర సరిహద్దుకు ఇటువైపు, అంటే ఒడిశాలో ఉన్నవాళ్లు ముందు, హైదరాబాద్ వాళ్లు తర్వాత.

బరంపురం బాబ్జీ
మీ కుర్రాడు మా బరంపురం పెళ్లికి వస్తే పిచ్చెక్కిపోతాడు. ఇక్కడ ఎస్ప్రెస్సో అంటే పెళ్లి టెంటు మూలన నిలబెట్టిన ఇత్తడి మెషీన్. కప్పులో ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు. గొట్టం అందులో ముంచితే బుస్సుమని ఆవిరి, పైకి లేచే నురగ, దాని మీద చాక్లెట్ పొడి. ఆ పొడి చల్లకపోతే పిల్లలు కప్పు తీసుకోరు.

అసలు ఎస్ప్రెస్సో 30 మిల్లీలీటర్లే ఉంటుందని, అందులో పాలూ పంచదారా ఉండవని మా పెదనాన్నకు చెబితే "దానికి డబ్బులు కూడా తీసుకుంటారా?" అన్నారు.

అయితే ఒకటి చెప్పాలి. మెషీన్ దగ్గర క్యూ కట్టేది మనలాంటివాళ్లే. మగపెళ్లివారికీ, ఆఫీసర్లకీ, డాక్టరుగారికీ కుర్చీ దగ్గరికే ట్రేలో వెళ్తుంది. కాఫీ ఒకటే, నడవాల్సిన దూరమే వేరు.

కెఫె కుర్రాడు (జయపురం)
నేను కాఫీ షాపులో మెషీన్ వెనక నిలబడేవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మెనూ ఎటువైపు నుంచి చదువుతారో చూస్తే చాలు. ఎడమ నుంచి చదివేవాళ్లు కొందరు, కుడివైపున్న రేటు నుంచి చదివేవాళ్లు కొందరు. రేటు నుంచి చదివినవాళ్ల వేలు అన్నిటికంటే తక్కువ రేటు మీద ఆగుతుంది. అది ఎస్ప్రెస్సో. మొదటిసారి వచ్చినవాళ్లకి అదేంటో తెలీదు. చిన్న కప్పులో అడుగున నల్లగా ఇంత పోసి ఇస్తే ముందు కప్పు వైపు చూస్తారు, తర్వాత నా వైపు, ఆ తర్వాత పక్క టేబుల్ వాళ్లెవరైనా చూస్తున్నారేమోనని అటు. తిరిగి ఇవ్వరు, మార్చమని అడగరు. ఆ చేదంతా ఒక్క గుక్కలో మింగి, మొహం మామూలుగా పెట్టుకుని కూర్చుంటారు.

ఇప్పుడు ఎవరైనా అది అడిగితే మెల్లిగా చెప్తున్నా, "చిన్న కప్పండీ, పాలుండవు, బాగా చేదుగా ఉంటుంది, పర్లేదా?" అని. "పాలు వేసింది ఇవ్వు బాబూ" అని సగం మంది వెంటనే మార్చేస్తారు. ఆ మాట పైకి వినపడకుండా చెప్పడమే నా పనిలో అసలు నైపుణ్యం.

కాపుచినో ఎక్కువ పోవడానికి రుచి కారణం కాదు. మెనూలో నోరు తిరిగే పేరు అదొక్కటే. ఆదివారం దమన్‌జోడి, సునాబెడ టౌన్‌షిప్‌ల నుంచి కార్లలో వచ్చేవాళ్లు అసలు మెనూ చూడరు. కాలేజీ పిల్లలు ఒక కోల్డ్ కాఫీ, రెండు స్ట్రాలు, మధ్యాహ్నమంతా ఏసీ. మెయిన్ రోడ్డులో పెద్ద షాపున్న సేఠ్ ఒకాయన మనవడికి కోల్డ్ కాఫీ ఇప్పించి, తను ఏమీ తాగకుండా ఫోన్‌లో రేట్లు మాట్లాడుకుంటూ కూర్చుంటాడు. ఊళ్లో సగం అద్దెలు ఆయనకే వెళ్తాయి. ఆయన ఆర్డర్ విని జీతం చెప్పమనండి మీవాణ్ని.

మూడో షిఫ్టు (రాయగడ)
కుర్రాడు బాగా చెప్పాడు. నేను ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేస్తాను.

అసలు చూడాల్సింది ఏం తాగాడన్నది కాదు, ఎప్పుడు కట్టాడన్నది. మా గేటు ముందు బడ్డీలో ఒక నోటుబుక్కు ఉంటుంది. పర్మినెంటు వాళ్ల పేర్లు ముందు పేజీల్లో, నెలకోసారి లెక్క. మాకు ఖాతా లేదు, రొక్కమే. కాంట్రాక్టు లేబరు ఎప్పుడు మాయమవుతాడో బడ్డీవాడికి తెలీదు కదా, వాడి తప్పు లేదు. అంటే ఎక్కువ జీతం వచ్చేవాడికి అప్పు పుడుతుంది, తక్కువ జీతం వచ్చేవాడు చేతిలో చిల్లర ఉంటేనే తాగాలి.

ఇక బ్లాక్ కాఫీ అడిగితే డబ్బున్నవాడు అన్నాడే, ఆ ముక్కకి నవ్వొచ్చింది. మా ఇంట్లో పాలు లేని రోజు లాల్ చా పెట్టేవాళ్లు. చుట్టాలొస్తే పక్కింటికి పాలకి పంపేవాళ్లు, పాలు లేని చా ఇస్తే పరువు పోతుందని. ఇప్పుడు మా మేనేజరు అదే లాల్ చాలో నిమ్మకాయ పిండుకుని ఆరోగ్యం అంటాడు.

పర్లాకిమిడి పంతులు
మూడో షిఫ్టు తమ్ముడి మాటకి నా దగ్గర ఒక రుజువుంది. కలకత్తా కాలేజీ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో పాలు లేని కాఫీని ఇన్‌ఫ్యూజన్ అంటారు. చవక కాబట్టి విద్యార్థులు అదే చెప్పుకుని, ఒక్క కప్పు మీద గంటల తరబడి రాజకీయాలు మాట్లాడేవాళ్లు. అక్కడ నల్ల కాఫీ జేబు ఖాళీ అని చెప్పేది. ఇప్పటి షాపుల్లో దాదాపు అలాంటి నల్ల కాఫీయే, ఎస్ప్రెస్సోలో వేడినీళ్లు కలిపి, అమెరికానో అనే పేరుతో నూట యాభైకి ఇస్తున్నారు. ఇప్పుడది జేబు నిండుగా ఉందని చెబుతోందట!

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టండి. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. మా వైపు గుమాస్తాల, వకీళ్ల, స్టేషను మాస్టర్ల ఇళ్లలోకి కాఫీ ఆ మద్రాసు గాలితోనే వచ్చింది. ఆ రోజుల్లో దక్షిణాన కాఫీ అంటే చదువుకున్న, ఎక్కువగా బ్రాహ్మణ మధ్యతరగతి పానీయం. టీ అంటే కూలీలది. హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. రైల్వే స్టేషన్ల ఫలహారశాలల్లో కూడా ఈ విభజన మీద పెద్ద గొడవలు జరిగాయి. 1930ల్లో టీ కంపెనీల సంఘాలు ఊరూరా ఉచితంగా టీ పోసి అలవాటు చేశాయి. మనకి పై నుంచి బెంగాల్ చా, కింద నుంచి మద్రాసు కాఫీ రెండూ వచ్చి చేరాయి. అందుకే పర్లాకిమిడిలో కొన్ని వీధుల్లో పొద్దున్నే డికాషన్ వాసన, పక్క వీధిలో అల్లం చా వాసన.

ఆర్డర్ చూసి మనిషిని అంచనా వేయడం మీ ఆఫీసు అబ్బాయి కనిపెట్టింది కాదు. అప్పుడు జీతం కాకుండా కులం చెప్పేవాళ్లు.

గుణుపురం కోడలు
బయట ఆర్డర్ల సంగతి సరే, ఇళ్లలో ఆర్డర్ ఎవరిచ్చారు మాస్టారూ?

మా అత్తవారిది ఫిల్టర్ కాఫీ ఇల్లు. మొదటి డికాషన్ చిక్కగా దిగుతుంది. అది మామగారికీ, వచ్చిన వాళ్లకీ. అదే పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోస్తే దిగే రెండోది ఆడవాళ్లకీ, పిల్లలకీ. చివర్లో ఫిల్టర్ కడిగినట్టు ఉండే నీళ్లలో ఇన్ని పాలు, ఎక్కువ పంచదార కలిపి పనామెకి. పంచదార ఎక్కువ వేయడం దయ అనుకునేవాళ్లు. కొన్నాళ్లు నేను కూడా అలాగే కలిపాను, ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, చూసి నేర్చుకోవడమే.

గిన్నెల సంగతి ఇంకా స్పష్టం. అల్లుడికి వెండి గ్లాసు. ఆఫీసరుగారికి పింగాణీ కప్పూ సాసరూ. ఇంటివాళ్లకి స్టీలు గ్లాసు. పనామె గ్లాసు మాత్రం పెరటి గోడ మీద బోర్లించి ఉండేది, తనే కడుక్కుని తనే పెట్టుకోవాలి. దాని అంచు ఒకవైపు సొట్టపోయి ఉండేది, పొరపాటున లోపలి గ్లాసుల్లో కలవకుండా అదే గుర్తు.

బరంపురం బాబ్జీ
అక్కా, నిజమే కానీ అవన్నీ పాత రోజులు కదా. ఇప్పుడు ఇన్‌స్టంట్ పొడి వచ్చాక మొదటి డికాషన్ లేదు, రెండోది లేదు. అందరికీ ఒక చెంచానే.

కొండదారి (మల్కనగిరి)
పాత రోజులా బాబ్జీ అన్నా?

నేను లోపలి ఊళ్లో బళ్లో పనిచేస్తాను. మా నాన్న టీ కొట్టు దగ్గర అరుగు కింద నిలబడి తాగేవాడు. ఆయనకి ఇచ్చే గ్లాసు వేరే మేకుకి తగిలించి ఉండేది. దాన్ని రెండు గ్లాసుల పద్ధతి అంటారు, పుస్తకాల్లో చదవక్కర్లేదు మాకు. రాజ్యాంగంలో 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది, 15వ అధికరణ కులం చూసి హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా ఉండకూడదంది. అవి 1950 నుంచి ఉన్నాయి. మేకు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఉంది.

ఆ మేకుని తీయించింది చట్టం కంటే కాగితం కప్పు అని నాకనిపిస్తుంది. తాగాక పారేసేదే కాబట్టి ఎవరి ఎంగిలి ఎవరికీ అంటదు. అందరికీ కాగితం కప్పులిస్తే బాగానే ఉంటుంది. కానీ కొన్ని కొట్లలో తెలిసినవాళ్లకి గాజు గ్లాసు, మాకు మాత్రం "కాగితం కప్పు శుభ్రం మాస్టారూ" అని. ఎంత మర్యాదగా చెప్తారో!

అందుకే జయపురం వెళ్తే కాఫీ షాపులో కూర్చుంటాను. రేటు ఎక్కువే, బాధగానే ఉంటుంది. కానీ డబ్బు కట్టాక నీది ఏ ఊరు, ఏ వీధి అని ఎవరూ అడగరు. అందరికీ ఒకే పింగాణీ కప్పు. నా ఆర్డర్ చూసి నన్ను డబ్బున్నవాణ్ని అనుకుంటే అనుకోనివ్వండి. నేను కొనేది కాఫీ కాదు.

నాగావళి ఒడ్డు
కొండదారి మాస్టారూ, మీ పోస్టు మా ఆఫీసులో చదివి వినిపించాను. కొంచెంసేపు ఎవరూ జోకులు వేయలేదు.

కెఫె కుర్రాడు
మాస్టారూ, ఈసారి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర చెప్పండి. మా దగ్గర కప్పులన్నీ ఒకే సింకులో కడుగుతాం, సేఠ్ మనవడిదైనా సరే.

కోరమాండల్ ఫ్యాన్ (హైదరాబాద్)
ఎందుకండీ ప్రతిదానికీ కులం తెస్తారు? టాపిక్ కాఫీ గురించి. ఎవడి డబ్బు వాడిది, వాడికి నచ్చింది తాగుతాడు.

పర్లాకిమిడి పంతులు
టాపిక్ డబ్బు, హోదా గురించి బాబూ. ఆ రెండూ మన దేశంలో ఎటునుంచి వచ్చాయో చెప్పకుండా ఎలా?

మోడరేటర్
ఇక్కడితో ఆపండి. అభ్యంతరం ఉంటే రిపోర్ట్ చేయండి, వాదన పెంచకండి. సరిహద్దువాళ్లు ముందు అన్న నియమం ఇంకా ఉంది.

సిల్వర్ ఓక్ (సెమిలిగుడ)
ఇన్ని పోస్టుల్లో కాఫీ పండించేవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మా ఇంటి వెనకే కాఫీ తోట కాబట్టి నేను ఎత్తుతాను.

కోరాపుట్ కొండల మీద 1930 ప్రాంతంలో జయపురం సంస్థానం వాళ్లు కాఫీ మొదలెట్టారు. తర్వాత ప్రభుత్వ భూసంరక్షణ శాఖ పెద్ద ఎత్తున వేసింది. కాఫీ తాగించాలని కాదు, మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా ఆపాలని. నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి మిరియం తీగ, కింద కాఫీ. సరిహద్దు అవతల అరకులోనూ ఇదే వ్యవసాయం. కొండ ఒకటే, మధ్యలో రాష్ట్రం బోర్డు. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. దానికి రెండేళ్ల ముందే అరకు పేరుతో పారిస్‌లో షాపు కూడా తెరిచారు. మా వైపు ఒడిశా గిరిజన సహకార సంస్థ రైతుల దగ్గర కొని కోరాపుట్ కాఫీ పేరుతో అమ్ముతోంది.

నవంబరు నుంచి కోత. పండు ఎర్రబడ్డాకే కోయాలి, పచ్చిది కలిస్తే రేటు పడిపోతుంది. ఒకే కొమ్మ మీద ఎరుపూ, పసుపూ, ఆకుపచ్చా ఉంటాయి కాబట్టి అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. నడుముకి బుట్ట కట్టుకుని ఒక్కో పండూ వేళ్లతో తిప్పి తెంపాలి. కొమ్మ దూస్తే వచ్చే ఏడు పూత దెబ్బతింటుంది. తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెడితే సుమారు 6 కిలోల పండుకి ఒక కిలో గింజ మిగులుతుంది. ఎక్కువగా కోసేది పరజా, గదబ, కోంధ్ ఆడవాళ్లు.

వాళ్లు ఏం తాగుతారంటే పొద్దున మండియా పేజు, అంటే రాగి జావ, మధ్యాహ్నం కూడా అదే. సాయంత్రం దొరికితే లాల్ చా. వేయించిన కాఫీ రుచి ఎలా ఉంటుందో కోసేవాళ్లలో చాలామందికి తెలీదు. ఇంట్లో వేయించి పొడి చేసే అలవాటు లేదు, పండు పండినట్టే అమ్మేస్తారు. న్యూయార్క్ మార్కెట్లో అరబికా 2025 ఫిబ్రవరిలో పౌనుకి (దాదాపు అరకిలోకి) 4 డాలర్లు దాటింది. ఆ ధాటికి మా దగ్గర కూడా కొనుగోలు రేటు పెరిగింది, కాదనను. కానీ ఆ పెరుగుదలతో కొండమీది ఇంట్లో కాఫీ ఫిల్టర్ కొనలేదు. రేకులు కొన్నారు, మేకలు కొన్నారు. మంచి పని చేశారు.

మీ ఆఫీసు అబ్బాయి లెక్క ప్రకారం కాఫీ ఆర్డరే ఇవ్వనివాళ్లు ఏ తరగతి?

మూడో షిఫ్టు
కరెక్ట్ అన్నా. ఇంకో విషయం. మీ కోరాపుట్ పొడి మా రాయగడలో ఏ కిరాణా కొట్టులోనూ నాకు కనపడలేదు. మాకు దొరికేదంతా రెండు రూపాయల ఇన్‌స్టంట్ ప్యాకెట్లే.

సిల్వర్ ఓక్
ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి తమ్ముడూ. "కాఫీ చికోరీ మిశ్రమం" అని ఉంటే పక్కనే శాతం కూడా వేయాలని ఆహార భద్రతా నిబంధన. కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే 49 దాకా చికోరీ కలపొచ్చు. చికోరీ ఒక వేరు, వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ ఉండదు. గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు. మోసం కాదు, రాసే కలుపుతారు. కానీ కాఫీ కొండల కింద ఉంటూ సగం వేరు తాగుతున్నాం అన్నమాట.

గుణుపురం కోడలు
మా ఇంట్లో పొడి కూడా చికోరీదే, 60-40. అత్తయ్యగారు అది లేకపోతే కాఫీ కాదంటారు. చిక్కదనం, రంగు రావాలట. మీ దగ్గర చికోరీ లేనిది తెప్పించుకుంటే ఇంటి ఫిల్టర్‌లో దిగుతుందా, పల్చగా ఉంటుందా?

సిల్వర్ ఓక్
దిగుతుంది వదినా. చికోరీ నీళ్లని పట్టి ఉంచుతుంది కాబట్టి అది ఉన్న పొడిలో డికాషన్ మెల్లిగా, నల్లగా దిగుతుంది. ఉత్త కాఫీ అయితే త్వరగా జారిపోయి రంగు లేతగా కనిపిస్తుంది. పొడి కాస్త ఎక్కువ వేసి, పైన బిళ్లతో మెత్తగా నొక్కి, నీళ్లు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పోయండి. అత్తయ్యగారి కోసం మొదట్లో 80-20 పెట్టి చూడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఉత్త కాఫీ పొడికి రెండోసారి నీళ్లు పోస్తే చేదు తప్ప ఏమీ రాదు. కొత్త పంట పొడి ఫిబ్రవరి తర్వాత అడగండి.

గుణుపురం కోడలు
రెండో డికాషన్ రాదంటే ఇంకా మంచిది. అరకిలో రాసుకోండి. మొదటిదే అందరికీ పోస్తాను, అడిగితే పొడి గుణం అలాంటిదని చెప్తాను.